సర్ జోసెఫ్ విట్‌వర్తు: తుపాకి గొట్టములోని లోపములు

చదువరులలో పలువురు సర్ జోసెఫ్ విట్‌వర్తుగారి పేరు వినియుండకపోవచ్చును. అయినను ఆయన బుద్ధికౌశలమునకు గుఱుతు మన యిండ్లలో నేటికిని గలదు. ఇనుపగొట్టమునకు కొళాయిని బిగించునపుడు గొట్టపుకొనయందు మరచుట్టు కనబడును గదా! ఆ చుట్టుల నడిమి కోణము 55 డిగ్రీలు. ఆ కోణమును 1841వ సంవత్సరమున నిర్ణయించినవాడు విట్‌వర్తే. మన దేశపు రైలు కర్మాగారములలో చిరకాలము వాడబడిన బోల్టులును నట్టులును ఆయన పేరుతోనే పిలువబడుచుండెను. అయితే ఈ వ్యాసమున ముఖ్యముగా వివరింపదలచినది ఆయన జీవితములోని వేఱొక ఘట్టము. క్రొత్తగా తయారై, మెఱుగుపెట్టబడి, చూపరులకు నిర్దోషముగా గానవచ్చు తుపాకి గొట్టములో దాగియుండు లోపములను ఆయన యేవిధముగా పట్టుకొనెనో, వానిని పోగొట్టుటకై యెంతదూరము పోయెనో యిందు తెలియగలదు.

విట్‌వర్తు 1803వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని ఆంగ్లదేశమున చెషైరు మండలములోని స్టాక్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి చార్లెసు విట్‌వర్తు బడిపంతులు. తరువాత కాంగ్రిగేషనల్ సంఘమున బోధకుడయ్యెను. పదునాలుగవ యేట బాలుని డెర్బీషైరులోని నూలుమిల్లునకు పనినేర్చుకొనుటకై పంపిరి. ఆ మిల్లు దగ్గఱి బంధువుది. లెక్కలును వ్యాపారమును నేర్చి కాలక్రమమున మిల్లు వ్యవహారములు చూచుకొనునని పెద్దలు తలంచిరి. కాని బాలుని కన్నులు లెక్కలపుస్తకముమీద నిలువక మిల్లులోని యంత్రములమీదనే నిలిచెను. ఆ యంత్రముల ప్రతి భాగమును నేర్చుకొనెను. అవి యెంత మోటుగా చేయబడినవో కూడ తెలిసికొనెను. నాలుగేండ్లు గడచిన పిమ్మట ఆ కొలువు విడిచి, మాంచెస్టరునకు పోయి, సాధారణ యంత్రపు పనివానిగా చేరెను. మంచి జీవనోపాధిని కాలదన్నుకొనెనని బంధువులు చింతించియుందురు. మన ప్రాంతములలో నేటికిని అట్టి కుమారుని గూర్చి అట్లే యందురు.

1825లో ఆయన లండను చేరెను. ఆ కాలమున యంత్రనిర్మాణమునకు హెన్రీ మాడ్స్‌లేగారి కర్మశాల గురుకులమువంటిది. విట్‌వర్తు అచ్చట పనిచేయుచు నొక చిన్న విషయముమీద మనస్సు నిలిపెను. యంత్రములోని యే భాగమైనను సరిగా కదలవలెనన్నచో ముందుగా సమతలము కావలెను. అనగా ఎగుడుదిగుడు లేని పలక. నాటి పనివారు రెండు ఇనుపపలకలనడుమ కురువిందపు పొడి వేసి యొకదానితో నొకటి రాచి నున్న చేయుచుండిరి. పలకలు అద్దమువలె మెఱయుచుండెను. రెండును చక్కగా అతుకుచుండెను. అయినను ఒకటి కొంచెము గుంటపడి, రెండవది దానికి సరిపోవునట్లు ఉబ్బియుండినను అవి యట్లే అతుకును గదా! కాబట్టి విట్‌వర్తు మూడు పలకలు తీసికొనెను. ఒకదానిమీద పలుచగా ఎఱ్ఱరంగు పూసి రెండవదానిమీద నుంచి తీసిన, ఎత్తుగానున్న చోట్ల రంగంటును. అంటినచోట్లను ఉలితో సన్నముగా గీకివేయవలెను. మొదటిది రెండవదానితోను, రెండవది మూడవదానితోను, మూడవది మొదటిదానితోను సరిపోవువఱకు ఇట్లు చేయుచుండవలెను. మూడును పరస్పరము సరిపడవలెనన్న, మూడును చదునుగా నుండితీరవలెను, వేఱుమార్గము లేదు. మన పాఠశాలలో క్షేత్రగణితము చదువు బాలురు ఈ యుక్తిని కొంచెముసేపు ఆలోచించి చూడుదురుగాక.

లండనులో మఱికొన్ని కర్మశాలలయందును పనిచేసెను. చార్లెసు బాబేజిగారి గణనయంత్రమును నిర్మించుచుండిన జోసెఫ్ క్లెమెంటుగారి కర్మశాల వానిలో నొకటి. 1833లో మాంచెస్టరునకు మరలివచ్చి సొంతముగా కర్మశాల పెట్టుకొనెను. కొలది సంవత్సరములలోనే ఆయన లేతులును, చిత్రిక యంత్రములును, తొలిచెడి యంత్రములును దేశమంతట పేరొందెను. 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున ఆయన చూపిన కొలతయంత్రము జనుల నాశ్చర్యపఱచెను. అందలి మరమేకునకు అంగుళమునకు 20 చుట్టులు. దానిని ద్రిప్పు చక్రమునకు 200 పండ్లు. ఆ చక్రమును ద్రిప్పు వేఱొక చక్రపు అంచున 250 గీతలు. ఈ మూటిని హెచ్చించినచో పదిలక్షలు వచ్చును. అనగా ఒక్క గీత త్రిప్పిన, అంగుళములో పదిలక్షలవ వంతు జరుగును. అంత సూక్ష్మమును కన్ను చూడలేదు. అందుచే కొలవవలసిన వస్తువు కొనయందు సన్నని యుక్కుబిళ్ల నొకదాని నుంచిరి. ఒక్క గీత బిగించిన బిళ్ల పడక నిలుచును. ఒక్క గీత వదలించిన జాఱిపడును. చూపు చేయలేని పనిని స్పర్శ చేయగలదనునది విట్‌వర్తు నమ్మకము.

ఈ నమ్మకమునకు తుపాకితో నెట్టి సంబంధమో చూడుడు. ఆయన 1856, 57 సంవత్సరములలో యంత్రశిల్పుల సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. ఆ కాలమున సభ్యుల కొక ఉక్కువలయమును రెండు ఉక్కుకడ్డీలను చూపెను. వలయపు రంధ్రము వ్యాసము 0.5770 అంగుళము. ఒక కడ్డీ 0.5770, రెండవది 0.5769. రెంటికిని భేదము అంగుళములో పదివేలవ వంతు. పెద్దది వలయములో బిగువుగా దూఱెను. చిన్నది దానికి సరిపోదేమో యన్నట్లు వదులుగా నాడెను. ఒక చుక్క నూనె పూసినంతనే పెద్దది తేలికగా జాఱెను, చిన్నది బిగిసెను. అట్టి భేదమును ఏ పనివాడైనను వ్రేళ్లతో తెలిసికొనవచ్చునని దీనివలన తేలెను. 0.577 అంగుళమనునది నాటి బ్రిటిషు సైనికుని ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టపు లోవ్యాసము కూడ. ఇది యాదృచ్ఛికమని నేననుకొనను.

ఇక నాటి గొట్టములు ఎట్లు తయారగుచుండెనో చెప్పవలెను. ఇనుపపట్టెడ నొకదానిని కొలిమిలో కాల్చి, నిలువుగా మడచి గొట్టముగా చేసి, అంచులను రెంటిని తెల్లనివేడిమియందు అతుకుచుండిరి. ఈ పనికి మొదట సుత్తియు దాగలియు సాధనములు. తరువాత ఉరుళ్లుగల యంత్రములు వచ్చెను. పిమ్మట లోపల తొలిచి, వెలుపల సానబట్టి, లోపలిభాగమున మెలికలుగా గాడులు కోయుచుండిరి. ఈ గాడుల ప్రయోజనము బాలురకు తెలిసినదే. బొంగరము తిరుగుచున్నంతసేపు పడక నిలుచునట్లు, గుండు తిరుగుచు వెడలినచో దారితప్పక పోవును.

లోపములు పలువిధములు. కొలిమినుండి వచ్చిన యినుములో చిట్టెము పూర్తిగా పోదు. అది గొట్టముతోపాటు సాగి సన్నని నల్లని చారలై నిలుచును. అతుకు ఒకచోట గట్టిగా పట్టక పైకి మాత్రము నున్నగా కనబడును. తొలిచెడి పనిముట్టు దారితప్పి గొట్టము కొంచెము వంగును. ఒకచోట నిఱుకుగాను, వేఱొకచోట వదులుగాను రంధ్రమేర్పడును. గొట్టపు మూతియంచున సన్నని యినుపపొర యొకటి మిగిలిపోవును. ఈ చివరిదానిని చాలమంది లెక్కచేయరు. కాని గుండు గొట్టమును విడుచు క్షణమున దాని వెనుకనున్న మందువాయువు మూతి చుట్టును సమముగా వెడలవలెను; ఒకప్రక్క ముందుగా వెడలినచో గుండు ఆ త్రోపునకు వాలి గుఱితప్పును.

వీనిలో పెద్ద లోపములను పట్టుటకు నాటికే మంచి పద్ధతి యొకటి గలదు. బర్మింగుహాములో 1813లో శాసనమూలమున పరీక్షాగృహము స్థాపింపబడెను. ప్రతి క్రొత్త గొట్టమునందును మామూలుకంటె మిక్కిలి యెక్కువ మందు దట్టించి, మనుష్యులు దూరముగా నుండి, కాల్చి చూచుచుండిరి. అతుకు చెడియుండిన గొట్టము పగులును, లేక ఉబ్బును. నిలిచినదానిమీద ముద్ర వేయుదురు. ఈ పరీక్ష సైనికుని కన్నులను వ్రేళ్లను కాపాడినది, దానిని తక్కువచేయరాదు. కాని గొట్టము పగులదని తెలిసినంతమాత్రమున అది తిన్నగా కొట్టునని తెలియదు.

వంపును పట్టువిధము మఱింత ముచ్చటైనది. నిపుణుడైన పనివాడు గొట్టమును కిటికీవైపు ఎత్తిపట్టి లోనికి చూచును. లోపలి మెఱుగుమీద కిటికీ అంచు నీడ యొక గీతవలె పడును. గొట్టము తిన్నగానున్న నీడ తిన్నగా సాగును, వంపున్నచోట విఱుగును. అచ్చట దాగలిమీద నుంచి సుత్తితో మెల్లగా నొక దెబ్బ వేసి మరల చూచును. ఈ విద్య గలవారికి కర్మాగారములలో మంచి జీతములు దొరకుచుండెను. ఇక నిఱుకును వదులును తెలిసికొనుటకు సీసపుముద్దను గొట్టములో దూర్చి కఱ్ఱతో మెల్లగా త్రోయుదురు. ఇఱుకుచోట చేయి బరువెక్కును. వదులుచోట ఊఱక జాఱును. ఇఱుకును పోగొట్టుటకు సీసపుకడ్డీకి నూనెయు కురువిందపు పొడియు పూసి ముందునకు వెనుకకు రాచుదురు. వదులుచోటుకు మాత్రము మందు లేదు. తీసిన యినుమును మరల పెట్టజాలము గనుక, తక్కిన గొట్టమంతయు ఆ వదులుచోటికి సమమగువఱకు రాచవలెను. అప్పుడు గొట్టము వ్యాసము పెరుగును, గుండు సరిపడదు. అట్టి గొట్టము తీసివేయదగినదే. కాని వేలకొలది తుపాకులు కావలసినప్పుడు ఎవరు తీసివేయుదురు?

1854లో క్రిమియా యుద్ధము వచ్చెను. తుపాకులు అత్యవసరమయ్యెను. బ్రిటిషు సేనాధిపతి హార్డింజి ప్రభువు. ఈయనయే 1844 మొదలు 1848 వఱకు మన దేశమునకు గవర్నరు జనరలుగా నుండినవాడు. 1853లో అమెరికాకు పోయి అచ్చటి కర్మాగారములను చూచివచ్చిన విట్‌వర్తును పిలిచి, ఎన్‌ఫీల్డు తుపాకులను చేయుటకు వలసిన యంత్రములన్నిటిని కల్పింపుమని ప్రభుత్వమువారు కోరిరి. ఏ వ్యాపారియైనను ఎగిరి గంతువేయదగిన యవకాశమది. విట్‌వర్తు వెంటనే ఒప్పుకొనలేదు. మంచి గొట్టమనగా నెట్లుండవలెనో ముందు తెలియవలెనని ఆయన వాదము. ఎన్‌ఫీల్డు తుపాకులలో నొకటి యద్భుతముగా కొట్టును. అదేవిధముగా చేయబడిన మఱియొకటి కొట్టదు. కారణము చేసినవారికే తెలియదు. రంధ్రపు కొలతలు ఒక గొట్టమునుండి మఱియొక గొట్టమునకు మాఱుచుండెను. లోపమేదో తెలియకుండ యంత్రములు కల్పించినచో, చేతితో ఒక్కొక్కటిగా జరుగు తప్పు యంత్రముతో వేలకొలదిగా జరుగును. కనుక ముందు పరీక్షలు చేయుటకు అనుమతి కావలెనని కోరెను. తన శ్రమకు ప్రతిఫల మడుగలేదు. ఖర్చులుమాత్రము ప్రభుత్వము భరింపవలెను. యుద్ధసమయమున నిట్టి సమాధానము అధికారులకు రుచింపకపోవుట వింతకాదు. హార్డింజి ప్రభువు మాత్రము అంగీకరించెను.

మాంచెస్టరు శివారున రషోమునొద్ద తన యింటి తోటలో విట్‌వర్తు 500 గజముల పొడవు, 16 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తుగల కప్పుకట్టిన శాల నొకదానిని నిర్మింపజేసెను. కట్టిన కొలదికాలమునకే గాలివాన వచ్చి దానిని కూల్చివేసెను. మరల కట్టించి 1855 మార్చిలో పరీక్షలు మొదలుపెట్టెను. ఈ శాల యెందుకని కొందఱు నవ్వియుందురు. బయట కాల్చినచో గుండు తప్పుట గాలివలననో, వెలుతురువలననో, కాల్చినవాని చేయి వణకుటవలననో తెలియదు. కప్పుక్రింద గాలిలేదు. తుపాకి గట్టి ఆధారముమీద బిగింపబడియుండెను గనుక చేయి వణకుటయు లేదు. అప్పటికిని గుండు తప్పినయెడల నేరము గొట్టముదో గుండుదో కాక తప్పదు. శాలలో నడుమనడుమ సన్నని కాగితపు తెరలు కట్టించెను. గుండు ఒక్కొక్క తెరను చీల్చుకొనిపోవుచు తన దారిని తానే వ్రాసిపోవును. రంధ్రము గుండ్రముగానున్న గుండు మొనముందుగా పోయినది. నిడుపుగానున్న అడ్డముగా పొరలినది. ఏ తెరవద్ద పొరలుట మొదలైనదో కూడ కనబడును.

ఇట్లు రెండేండ్లకు పైగా నెన్నియో గొట్టములు చేసి చూచెను. ఎన్‌ఫీల్డు గాడి 78 అంగుళములకు ఒక్క చుట్టు తిరుగును. గొట్టము పొడవు 39 అంగుళములే గనుక గుండు లోపల సగము చుట్టే తిరిగి వెడలును. విట్‌వర్తు 60, 30, 20, 10, 5 అంగుళముల కొక చుట్టుచొప్పునను, చివరకు ఒక్క అంగుళమున కొక చుట్టుగాను చేసి పరీక్షించెను. 20 అంగుళముల చుట్టు మేలని తేలెను. వ్యాసమును 0.451 అంగుళమునకు తగ్గించి, బరువు తగ్గకుండ గుండును సన్నముగా పొడవుగా చేసెను. అట్టి గుండు గాలిని చీల్చుకొని దూరము పోవును. కాని త్వరితముగా తిరుగకున్న పొరలును. రంధ్రమును గుండ్రముగా నుంచి గాడులు కోయుటకు మాఱుగా, గొట్టమంతటిని ఆఱుముఖములుగల మెలికగా తొలిపించెను. గుండును అదే యాకారమున చేయించెను. గుండు ఉబ్బి గాడులలోనికి దిగునా దిగదా యను సందేహమిక లేదు. మరమేకు నట్టులో నడచినట్లు నడచును. గొట్టములను అతుకులేని కడ్డీలనుండి తొలిపించెను. దీనితో అతుకుదోషము మొదలంట తీఱెను. ప్రతి గొట్టమును మొదటినుండి చివరివఱకు ఉక్కు గేజితో పరీక్షించిన పిమ్మటనే పనికివచ్చునని యొప్పుకొనుచుండిరి. అసలు రహస్యము ఆఱుముఖములలో కంటె ఈ గేజిలోనే యున్నదని నా యభిప్రాయము.

ఇంతలో క్రిమియా యుద్ధము 1856 మార్చిలో ముగిసెను. ఆ సెప్టెంబరులో హార్డింజి ప్రభువు గతించెను. ఏ యుద్ధముకొఱకు పని మొదలయ్యెనో దానికి విట్‌వర్తు తుపాకి అక్కఱకు రాలేదు. 1857 ఏప్రిలులో హైతు పట్టణమున ఎన్‌ఫీల్డుతో పోటీ జరిగెను. 500 గజముల దూరమున గుండ్లు మధ్యబిందువునుండి సగటున ఎన్‌ఫీల్డునకు 2.24 అడుగులు తప్పగా, విట్‌వర్తు తుపాకికి 0.37 అడుగు మాత్రమే తప్పెను. అనగా నాలుగున్నర అంగుళములకు తక్కువ. 1,100 గజములకు ఎన్‌ఫీల్డు 8.04 అడుగులు, విట్‌వర్తు 2.62. అంతకు మించిన దూరములకు పోగా ఎన్‌ఫీల్డు గుఱిపలకను తాకనేలేదు. అదే వసంతమున ఎన్‌ఫీల్డు తూటాల కొవ్వునుగూర్చి మన దేశపు సిపాయిలలో పుట్టిన కలవరము మీరు చరిత్రలో చదివినదే. మే నెల 10వ తేదీని మీరటులో తిరుగుబాటు చెలరేగెను.

1860 జూలై 2వ తేదీని వింబుల్డను మైదానమున జాతీయ తుపాకి సంఘమువారి తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించెను. విట్‌వర్తు తుపాకిని ఆధారముమీద బిగించి 400 గజముల దూరముననున్న గుఱికి సరిచేసి యుంచిరి. రాణి పట్టుత్రాడును లాగెను. గుండు మధ్యబిందువునకు అంగుళమున్నర లోపల తగిలెను. జనసమూహము హర్షధ్వానములు చేసెను. విట్‌వర్తు ఆనాడు ఆ గొట్టమును ఎన్నిసార్లు గేజితో చూచుకొనియుండునో ఊహింపవచ్చును.

ఇంత జరిగినను సైన్యమున కా తుపాకి దొరకలేదు. రంధ్రము మిక్కిలి సన్నమనిరి. మందుమసి త్వరగా పేరుకొని గుండు దట్టించుట కష్టమగుననిరి. ధర చాల ఎక్కువ యనిరి. విట్‌వర్తు జీవితమును వ్రాయువారు పలువురు ఈ సంఘములవారిని మందమతులుగా చిత్రింతురు. అది పూర్తిగా న్యాయము కాదు. బురదలోను వానలోను వేలకొలది సైనికుల చేతులలో నుండవలసిన ఆయుధమునకును, నిపుణుడొక్కడు తుడిచి కాపాడు ఆయుధమునకును భేదము గలదు. గొట్టము ఎంత బిగువుగా సరిపడునో మసి అంత త్వరగా దానిని అడ్డగించును. సూక్ష్మతయే యిక్కడ లోపమైనది. దీనికి సమాధానముగా విట్‌వర్తు తన తుపాకిని మార్చుటకు సులభముగా నొప్పుకొనలేదు. సంఘములతో మాటాడునపుడు ఓర్పును చూపలేదు. కాని వ్యాసము విషయమున ఆయన మాటయే తుదకు నిలిచెను. 1871లో బ్రిటిషు సైన్యమునకు వచ్చిన మార్టీని-హెన్రీ తుపాకి రంధ్రము 0.45 అంగుళము, అది బహుముఖము, చుట్టు 22 అంగుళములకు ఒకటి.

సొంతదేశము కాదన్నదానిని అమెరికా అంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రములవారు తెప్పించుకొనిరి. సంఖ్య కొలదిపాటిదే, ఎంపికచేసిన గుఱికాండ్ర కిచ్చిరి. 1864 మే 9వ తేదీని స్పాట్సిల్వేనియావద్ద ఉత్తరసేనాని జాన్ సెడ్జ్‌విక్ దూరమునుండి వచ్చిన గుండుతో నేలగూలెను. ఆ గుండు విట్‌వర్తు తుపాకిదేయని పలువురి నమ్మకము. తోటలోని శాలయందు కాగితపుతెరను చీల్చిన గుండునకును, ఈ గుండునకును గమ్యమొక్కటే భేదము. బోధకుని కుమారుడైన విట్‌వర్తు దీనినిగూర్చి యేమి తలంచెనో మనము చెప్పజాలము. ఆయుధము చేయువాని చేతిపనిని మెచ్చుకొనునపుడు ఆ పని యెవరిని తాకునో మఱచుట యుపాధ్యాయునకు తగదు గనుక ఇచ్చట వ్రాసితిని.

గేజిచే పట్టబడని లోపము మఱియొకటి గలదు. అది లోహమునకు లోపల నుండునది. అతుకును తప్పించుటకు ఉక్కును కరగించి పోతపోసిన, చల్లారునపుడు వాయువులు వెలుపలికి రాలేక బుడగలై లోపలనే నిలిచిపోవును. కడ్డీ పైకి గట్టిగా కనబడును. లోపల పుచ్చిన కఱ్ఱవలె నుండును. తొలిచిన గొట్టపు గోడలో అట్టి బుడగ యుండెనా, ఎన్నియోసార్లు కాల్చిన తరువాత నొకనాడు పగులవచ్చును. ఉక్కును మూసలో కరగించి చిట్టెమును వేఱుచేయు విద్య మన తెలంగాణమునందలి కోనసముద్రపు కమ్మరులకు ఏనాడో తెలియును. ఆ యుక్కును కొనుటకై పారసీకవర్తకులు వచ్చుచుండిరి. కాని అవి చిన్న ముద్దలు. పెద్ద పోతలలో బుడగల సమస్య యెవరికిని తీఱలేదు.

విట్‌వర్తు అఱువదియేండ్లు దాటిన వయస్సున దీనికి పూనుకొనెను. మూసనుండి పోసిన యుక్కు యింకను ద్రవముగా నుండగనే, గట్టి ఉక్కుపెట్టెలో బంధించి, నీటియొత్తిడి యంత్రముతో చదరపు అంగుళమునకు ఆఱు టన్నులవఱకు భారముతో నొత్తించెను. వాయువులు పిండబడి వెలుపలికి పోయెను. ద్రవపు స్తంభము ఎత్తు ఎనిమిదవ వంతు తగ్గెను. అనగా అడుగు పొడవుగల పోతలో అంగుళమున్నర వఱకును వట్టి బొఱియలేయని తేలెను! ఆయన చేసిన ఫిరంగులకును, ఓడల యంత్రములలోని పెద్ద ఇరుసులకును ఈ యుక్కే వాడిరి.

బిరుదులును ధనమును సమృద్ధిగా వచ్చెను. 1857లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1869లో బారొనెటు పదవి లభించెను. మొదటి భార్య గతించిన పిమ్మట 1871లో రెండవ వివాహము చేసికొని, డెర్బీషైరులోని డార్లీడేలు లోయలో నివసించెను. మనిషి కటువైనవాడు, పనిలో నిర్లక్ష్యమును సహింపడు. కాని తాను పనివాడుగా మొదలిడిన సంగతిని మఱువలేదు. 1868లో ఏటేట 100 పౌనుల చొప్పున 30 విద్యార్థివేతనములు ఏర్పఱచెను. శాస్త్రము చదివినవాడు ఉలియు ఆకురాయియు పట్టవలెను. ఉలి పట్టినవాడు శాస్త్రము చదువవలెను. రెంటిలో నొక్కటియే తెలిసినవానికి వేతనము లేదు. ఆ వేతనములు నేటికిని ఇయ్యబడుచున్నవి.

1887 జనవరి 22వ తేదీని మాంటీకార్లోలో ఆయన మరణించెను, డార్లీడేలులో సమాధిచేయబడెను. సంతానము లేదు. ఆస్తిలో అధికభాగము మాంచెస్టరు పట్టణమున విద్యకును, వైద్యమునకును, చిత్రశాలకును చేరెను. కర్మాగారము 1897లో ఆయన చిరకాల ప్రతిస్పర్ధియగు ఆర్మ్‌స్ట్రాంగు కర్మాగారముతో కలిసిపోయెను.

ఆయన జీవితకాలపు చివరి దశకమునుండి లండనులోని పర్డీవంటి ప్రసిద్ధ వేటతుపాకుల నిర్మాతలు ఇనుపపట్టెలను చుట్టి అతికిన పాత గొట్టములను క్రమముగా విడిచి, విట్‌వర్తు యుక్కునుండి తొలిచిన గొట్టములను వాడసాగిరి. ఆ గొట్టములు కొన్ని నేటికిని పదిలముగా నున్నవి. కఱ్ఱనుండి విడదీసి గొట్టమును బోర్లించి చూచినచో, అడుగుభాగమున విట్‌వర్తు వ్యాపారముద్రయగు చిన్న గోధుమపనయు, దానిప్రక్క నొక సంఖ్యయు కనబడును.